లారా నీరో: మీ చెవికి ఏ ఆల్బం ముందు?

ఈ అమెరికా గాయని, పాటల రచయిత్రి పేరు నైరో కాదు, నీరో. ఆంగ్ల అక్షరాలు చూసి చాలామంది నైరో అనే చదువుతారు. నేనూ చాలాకాలం అలాగే అన్నాను. ఆమె మాత్రం నీరో అనే పలికేది. 1947 అక్టోబరు 18న న్యూయార్క్ నగరంలోని బ్రాంక్స్‌లో పుట్టింది. తండ్రి పియానోలకు శ్రుతి చేసేవాడు, ట్రంపెట్ వాయించేవాడు. పియానో ఆమె తనంతట తానే నేర్చుకుంది. చదువుకునే రోజుల్లో భూగర్భ రైలు స్టేషన్లలో, వీధి మలుపుల్లో తోటివారితో గొంతు కలిపి పాడుకునేది. 19 ఏళ్లకు మొదటి ఆల్బం వచ్చింది, 24 ఏళ్లకు ఐదోది. 1997 ఏప్రిల్ 8న, 49 ఏళ్ల వయసులో అండాశయ క్యాన్సర్‌తో కన్నుమూసింది. తల్లిని తీసుకుపోయింది కూడా అదే జబ్బు, అదే వయసులో.

1968 నుంచి 1971 వరకు అమెరికా రేడియోలో ఆమె పాటలు మోగుతూనే ఉన్నాయి. అయితే ఆ గొంతులు ఆమెవి కావు. ‘వెడ్డింగ్ బెల్ బ్లూస్’ను ఫిఫ్త్ డైమెన్షన్ బృందం పాడితే 1969లో, అమెరికాలో పాటల ఆదరణను లెక్కగట్టే బిల్‌బోర్డ్ పట్టికలో మొదటి స్థానానికి వెళ్లింది. అదే బృందం అంతకు ముందు ఏడాది పాడిన ‘స్టోన్డ్ సోల్ పిక్నిక్’ మూడో స్థానం చూసింది. ‘అండ్ వెన్ ఐ డై’ని బ్లడ్, స్వెట్ అండ్ టియర్స్ బృందం రెండో స్థానానికి, ‘ఈలైజ్ కమింగ్’ను త్రీ డాగ్ నైట్ పదో స్థానానికి, ‘స్టోనీ ఎండ్’ను బార్బ్రా స్ట్రైసాండ్ ఆరో స్థానానికి తీసుకెళ్లారు. ఇవన్నీ లారా రాసి బాణీ కట్టినవే. ఆమె సొంత గొంతు ఆ తొలి వంద పాటల పట్టికకు ఎక్కింది ఒకే ఒక్కసారి, 92వ స్థానంలో. ఆ ఒక్క పాటా ఆమె రాసింది కాదు. కెరోల్ కింగ్, గెర్రీ గాఫిన్ రాసిన ‘అప్ ఆన్ ది రూఫ్’ అది. ఈ లెక్క చూసినప్పుడల్లా నాకు గొంతుకు ఏదో అడ్డుపడుతుంది.

మనకు ఇలాంటి కళాకారులను పిలవడానికి వందల ఏళ్లుగా ఒక మాట ఉంది: వాగ్గేయకారులు. మాటా పాటా ఒకరివే అయినవారు. విజయవాడకు దగ్గర్లోని మొవ్వ ఊరి పేరు వినగానే క్షేత్రయ్య గుర్తుకొస్తాడు. మన ఆకాశవాణి కేంద్రంలో పనిచేసిన బాలాంత్రపు రజనీకాంతరావు గారు ఆంధ్ర వాగ్గేయకారుల చరిత్ర రాశారు, తానూ రాసి, బాణీ కట్టి, పాడారు. కానీ సినిమా పాట మన చెవిని వేరేలా పెంచింది. రాసేవారొకరు, స్వరపరిచేవారొకరు, పాడేవారొకరు. ఆ అలవాటుతో లారాను వింటే మొదట ఏదో అసంపూర్తిగా తోస్తుంది. ఒక మనిషి పియానో ముందు కూర్చుని తన మాటను, తన బాణీని, తన ఊపిరిని తానే నడుపుకోవడం అంటే ఏమిటో అర్థమయ్యాక, అదే అసలైన పూర్ణత్వమని తెలుస్తుంది.

ఇంతకీ ఈ వ్యాసం ఎందుకంటే, గత రెండేళ్లలో ముగ్గురు నన్ను అడిగారు, దేనితో మొదలుపెట్టాలని. తెనాలిలో ఉండే మా పెదనాన్న ఒకరు, గుంటూరులో చర్చి గాయకబృందంలో పాడే నా స్నేహితురాలు ఇంకొకరు, మొగల్రాజపురంలో మా పక్కింట్లో కీబోర్డు నేర్చుకుంటున్న అమ్మాయి మూడోవారు. ముగ్గురికీ ఒకే జవాబు చెప్పలేకపోయాను. చెప్పకూడదని కూడా ఆ తర్వాతే తెలిసింది. లారా ఆల్బంలు ఒకదానికొకటి పోలిక లేనంత వేరు. మీ చెవి దేని మీద పెరిగిందో చూసుకుని ఎంచుకుంటే ఆమె మీకు దక్కుతుంది. లేకపోతే నాలాగా కొన్నేళ్లు పోగొట్టుకుంటారు.

నేను చేసిన తప్పు మొదట చెబుతాను. ఆమె మేటి పాటలన్నీ ఒకచోట పోగేసిన సంకలనంతో మొదలుపెట్టాను. మొదటి ఆల్బంలోని చక్కటి మూడు నిమిషాల పాట పక్కనే, రెండేళ్ల తర్వాత ఆగి ఆగి పాడిన పాట. దాని పక్కనే పదేళ్ల తర్వాతి నెమ్మది పాట. ఏ గది నుంచి ఏ గదికి వచ్చానో తెలియక విసుగొచ్చి పక్కన పెట్టేశాను. రెండేళ్లు మళ్లీ ముట్టుకోలేదు. మిగతా గాయకుల సంగతి ఎలా ఉన్నా, ఈమె విషయంలో సంకలనం వద్దు. ఒక ఆల్బం, మొదటి పాట నుంచి చివరి పాట వరకు, వరుస మార్చకుండా వినండి.

అసలు లారానే ఎందుకు, పియానో ముందు కూర్చుని పాడేవారు ఇంకెందరో ఉండగా అని అడిగేవారికి కూడా జవాబు ఇవ్వాలి. రోజంతా పని చేసి అలసిపోయి ఇంటికొచ్చి, వెచ్చగా పలకరించే పాట కావాలనుకుంటే కెరోల్ కింగ్ ‘టాపెస్ట్రీ’ తీసుకోండి. 1971లో 15 వారాలు అమెరికా ఆల్బంల పట్టికలో అగ్రస్థానంలో ఉన్న ఆల్బం అది. ఆ ఆదరణకు అది నూటికి నూరుపాళ్లు తగినది. రాండీ న్యూమన్ గొప్ప రచయిత. ఆయన పాటలో మాట్లాడేది ఆయన కాదు, ఆయన కల్పించిన పాత్ర. మాటల్లోని చమత్కారం పట్టుబడితే తప్ప పాట తెరుచుకోదు కాబట్టి ఆంగ్లం బాగా వచ్చినవారికి ఆయన్ను సూచిస్తాను. ఎల్టన్ జాన్ అందరికీ తెలుసు. ఆ ఎల్టన్ జానే తన పాట మీద లారా ప్రభావం ఎంత ఉందో స్వయంగా చెప్పుకున్నాడు. లారా దగ్గర భాష కొంచెం తక్కువగా వచ్చినా నష్టం లేదు. ‘స్టోన్డ్ సోల్ పిక్నిక్’లో పదేపదే వచ్చే ‘సర్రీ’ అన్న మాటకు అర్థమేమిటని వాద్యసంగీతం కూర్చినవాడే అడిగితే, బాగుందని పెట్టానంతే అన్నదట. ఆమె ఒక ఆల్బం పేరులోని ‘టెండబెర్రీ’ కూడా ఆమె పుట్టించిన మాటే. అక్కడ అమెరికా శ్రోతా మనమూ ఒకే బెంచీ మీద కూర్చున్నట్టు.

పద్యం మీద పెరిగిన చెవికి

మా పెదనాన్న, మా నాన్నగారు ఇద్దరూ పద్యనాటకాల మనుషులు. నాన్నగారు హార్మోనియం వాయించేవారు. తెనాలి, గుడివాడ, రేపల్లె వైపు రాత్రిళ్లు నాటకాలకు వెళ్లి తెల్లవారి మొదటి బస్సుకు ఇంటికొచ్చేవారు. గుంటూరు జిల్లా సుద్దపల్లిలో పుట్టిన ఈలపాట రఘురామయ్య గారి పద్యాల గురించి ఇంట్లో ఎన్ని సాయంత్రాలు మాట్లాడుకునేవారో లెక్కలేదు. పద్యం పాడేటప్పుడు నటుడు ఏ మాట దగ్గర ఆగుతాడో, ఏ అక్షరం మీద రాగం ఎంతసేపు తీస్తాడో ముందుగా ఎవరికీ తెలియదు. తాళం పక్కన కూర్చుంటుంది, ఊపిరి పద్యాన్ని నడుపుతుంది. హార్మోనిస్టు నటుడి పెదవుల వైపే చూస్తూ, అతను ఆగితే ఆగి, లేస్తే లేచి, అతను మౌనంగా ఉంటే ఒక్క స్వరం మాత్రం పట్టుకుని ఉంటాడు.

ఆ నటుడూ ఆ హార్మోనిస్టూ ఒకే మనిషి అయితే ఎలా ఉంటుందో, అది ‘న్యూయార్క్ టెండబెర్రీ’. 1969లో వచ్చింది. లారాతో కలిసి రాయ్ హాలీ దాన్ని నిర్మించాడు. జిమ్మీ హాస్కెల్ వాద్యసంగీతం కూర్చాడు. తనకు కావలసిన ధ్వనిని లారా వాద్యకారులకు రంగుల పేర్లతో చెప్పేది. అలా చెప్పిన రంగులన్నీ ఈ ఆల్బంలో ఉన్నాయి, కానీ ఎక్కువభాగం ఖాళీ కాగితమే. మొదటి పాటలోనే ఒక వాక్యం పాడి ఆగిపోతుంది. పియానో రెండు స్వరాలు పలికి ఆగిపోతుంది. ఆ నిశ్శబ్దంలో మీ గదిలోని పంకా చప్పుడు వినిపిస్తుంది. తర్వాత ఒక్కసారిగా గొంతు పై స్థాయికి ఎగిసి, అక్కడ పగిలినంత పనై, మళ్లీ గుసగుసగా దిగుతుంది. పాశ్చాత్య సంగీతం బాగా విన్నవారు కూడా ఈ ఆల్బం కష్టమంటారు, దీనితో మొదలుపెట్టొద్దంటారు. స్థిరంగా కొట్టే డ్రమ్ముకు అలవాటుపడిన చెవికి అది నిజమే. పద్యం విన్న చెవికి మాత్రం ఇది కొత్త కాదు.

తెనాలిలో పెదనాన్నకు ఆ మొదటి పాట వినిపించిన రోజు నాకు బాగా గుర్తుంది. ఆయనకు ఆంగ్లం రాదు. కళ్లు మూసుకుని పాటంతా విని, “ఈ పిల్ల తొందరపడదు” అన్నారు. కాసేపాగి, “భాష తెలియలేదు గాని, వన్స్ మోర్ ఎక్కడ అనాలో తెలిసింది” అన్నారు. ఆయన చెప్పిన చోటు నాకు ఇష్టమైన చోటే. అంతవరకు ఆ ఆల్బం గురించి చదివిన పొగడ్తలన్నిటి కంటే ఆ ఒక్క మాట నాకు ఎక్కువ నేర్పింది.

ఈ ఆల్బంలో ఒక పాట గురించి ప్రత్యేకంగా చెప్పాలి. 1968లో అమెరికా నాయకుడు రాబర్ట్ కెన్నెడీ హత్య జరిగాక రాసిన ‘సేవ్ ది కంట్రీ’. దేశం శోకంలో ఉన్నప్పుడు రాసిన పాట కాబట్టి బరువుగా సాగుతుందనుకుంటాం. ఒంటరి పియానోతో మొదలై, మెట్టు మెట్టుగా వేగం పెంచుకుని, చివరికి ఇత్తడి వాద్యాలు విరుచుకుపడేదాకా వెళుతుంది. ఏడుపు నుంచి ఊరేగింపు పుట్టినట్టు ఉంటుంది. ఆల్బం అమెరికా పట్టికలో 32వ స్థానం వరకు వెళ్లింది. ఆమె ఆల్బంలలో అంత పైకి వెళ్లింది వేరే లేదు. అంటే తన ఊపిరిని ఎవరికీ అప్పగించకుండా పాడిన ఆల్బమే జనానికి అన్నిటికంటే దగ్గరైంది.

సినిమా పాట మీద పెరిగిన చెవికి

మనలో ఎక్కువమంది ఈ కోవకే వస్తాం. పల్లవి తర్వాత వయొలిన్ల వరస, చరణం ముందు వేణువు, మధ్యలో లయ మారితే ఒంట్లో చిన్న పులకింత. ఇదే మీ చెవి అయితే ‘ఈలై అండ్ ది థర్టీన్త్ కన్ఫెషన్’ మీది. 1968 మార్చిలో వచ్చింది, 13 పాటలు, నిడివి ముప్పావుగంట. వాద్యసంగీతం చార్లీ కాలెల్లోది. ఒకే పాటలో మూడు నాలుగు సార్లు నడక మారుతుంది. రాగమాలికలో రాగం మారినట్టు ఇక్కడ లయ మారుతుంది. ‘ఈలైజ్ కమింగ్’ నెమ్మదిగా హెచ్చరిస్తున్నట్టు మొదలై, ఎక్కడో అదుపు తప్పినట్టు పరుగు అందుకుంటుంది. త్రీ డాగ్ నైట్ వాళ్లు పాడింది బాగుంటుంది, కాదనను. కానీ ఆమె పాటలో భయం కూడా ఉంది. ప్రియుడు వస్తున్నాడు, గుండె దాచుకో అంటున్న అమ్మాయికి ఆ గుండె అప్పటికే పోయిందని వినేవారికి తెలిసిపోతుంది.

ఆ ఆల్బం విడుదలైనప్పుడు పాటల సాహిత్యం ముద్రించిన కాగితానికి పరిమళం అద్ది ఇచ్చారు. అది ఆమె కోరికే. ఇరవై ఏళ్ల అమ్మాయి తన పాటలను మల్లెపూలు పొట్లం కట్టి ఇచ్చినట్టు ఇచ్చిందన్నమాట. ఫోనులో వింటున్న మనకు ఆ పరిమళం లేకపోయినా, ‘ఎమ్మీ’ వినేటప్పుడు ఎందుకో ఆ కాగితం గుర్తుకొస్తుంది.

నేను దీన్ని మొదటిసారి సరిగ్గా విన్నది గుంటూరు ప్యాసింజరులో. విజయవాడలో బండి కదిలినప్పుడు మొదలుపెడితే, కృష్ణ వంతెన మీద చక్రాల చప్పుడు తగ్గేసరికి రెండో పాటలో ఉన్నాను. మంగళగిరి దాటాక ‘లోన్లీ విమెన్’ వచ్చింది. పక్క సీట్లోని ఆమె చేమంతి పూల బుట్ట సర్దుకుంటూ నా మొహం వైపు చూసింది. కళ్లు తుడుచుకోవడం అప్పుడు గమనించుకున్నాను.

ఈ చెవి ఉన్నవారికే ఇంకో దారి కూడా ఉంది: మొదటి ఆల్బం, 1967 నాటి ‘మోర్ దాన్ ఎ న్యూ డిస్కవరీ’. ‘వెడ్డింగ్ బెల్ బ్లూస్’, ‘అండ్ వెన్ ఐ డై’, ‘స్టోనీ ఎండ్’ మూడూ అందులోవే. పాటలు చిన్నవి, పొందికగా ఉంటాయి, చెవికి వెంటనే పడతాయి. అయినా మొదట దీన్ని వినమని నేను చెప్పను. అందులో పియానో వాయించింది స్టాన్ ఫ్రీ అనే వాద్యకారుడు. లారా ఊపిరి ఒకచోట, వేళ్లు ఇంకొకచోట ఉన్నట్టు ఉంటుంది. ‘ఈలై’ విన్న తర్వాత వెనక్కి వచ్చి వినండి. ‘అండ్ వెన్ ఐ డై’ని ఆమె ఇరవై ఏళ్లు నిండకముందే రాసిందని తెలిసి వినండి. చావు గురించి అంత నిబ్బరంగా ఆ వయసులో ఎలా రాయగలిగిందో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఇతరులు పాడినవి ముందు వినాలా, ఆమెవి ముందు వినాలా అని కొందరు అడుగుతారు. ఒక్క ‘వెడ్డింగ్ బెల్ బ్లూస్’ విషయంలో మాత్రం ఫిఫ్త్ డైమెన్షన్ పాటను ముందు వినమంటాను. బిల్ అనే అతణ్ని ఇంకెప్పుడు పెళ్లి చేసుకుంటావని అడిగే పాట అది. పాడిన మారిలిన్ మెకూ అదే బృందంలోని బిల్లీ డేవిస్‌ను ఆ ఏడాదే పెళ్లి చేసుకుంది. ఆ సంతోషం ఆ పాటలో వినిపిస్తుంది. తర్వాత లారా పాడింది వినండి. అదే మాటలు, అదే బాణీ, కానీ ఈ అమ్మాయికి జవాబు రాదని అర్థమవుతుంది. మిగతా పాటలన్నిటికీ ఆమెనే ముందు వినండి.

చర్చి గాయకబృందంలో పెరిగిన చెవికి

గుంటూరులో లూథరన్ చర్చిల పాటల సంప్రదాయం ఎంత బలమైనదో ఆ ఊరివారికి చెప్పనక్కర్లేదు. నా స్నేహితురాలు చిన్నప్పటి నుంచి ఆల్టో, అంటే ఆడ గొంతుల్లో కింది వరస, పాడుతోంది. నాలుగు గొంతులు నాలుగు వరసల్లో నడుస్తూ ఒక్కటిగా వినిపించడం ఆమెకు ఊపిరితో సమానం. ఆమెకు ‘గొన్నా టేక్ ఎ మిరకిల్’ ఇచ్చాను. 1971లో వచ్చిన ఈ ఆల్బంలో లారా రాసిన పాట ఒక్కటీ లేదు. తాను చిన్నప్పుడు వీధి మలుపుల్లో పాడుకున్న పాత పాటలనే పాడింది. పక్కన లాబెల్ బృందం, అంటే పాటీ లాబెల్, నోనా హెండ్రిక్స్, సారా డాష్. ఫిలడెల్ఫియాలో కెన్నీ గాంబుల్, లియాన్ హఫ్ నిర్మించారు. మొదటి పాట ఏ వాద్యమూ లేకుండా వట్టి గొంతులతో మొదలవుతుంది. నలుగురు ఆడవాళ్లు ఒకరి మాట ఒకరు అందుకుంటూ నవ్వుకుంటున్నట్టే ఉంటుంది.

విన్నంతసేపు సంతోషంగా ఉండే ఆల్బం ఇది. నా స్నేహితురాలు వారం రోజులు మరేదీ వినలేదు. ఆమెకు చెప్పిన హెచ్చరికే మీకూ చెబుతాను: ఇక్కడే ఆగిపోవద్దు. ఇందులో గాయని ఉంది, వాగ్గేయకారిణి లేదు. తర్వాత ‘ఈలై’కి వెళ్లండి. అక్కడ వెనక గొంతుల వరసలన్నీ ఆమె ఒక్కతే తన గొంతు మీద తాను పాడుకుంటూ కట్టినవి. గాయకబృందంలో పాడినవారికి ఆ పని ఎంతటిదో అందరికంటే బాగా తెలుస్తుంది.

మధ్యలో మిగిలిన ఒక ఆల్బం

1970 నాటి ‘క్రిస్మస్ అండ్ ది బీడ్స్ ఆఫ్ స్వెట్’ను మొదటి ఆల్బంగా ఎవరికీ సూచించను, రెండోదిగా అందరికీ సూచిస్తాను. పేరు చూసి పండుగ పాటలనుకోవద్దు. ఆలిస్ కోల్‌ట్రేన్ హార్ప్ వాయించింది, డ్వేన్ ఆల్‌మన్ ఒక పాటకు గిటార్ వాయించాడు. మత్తుమందుకు బలైన మనిషి గురించి ‘బీన్ ఆన్ ఎ ట్రైన్’ అనే పాట ఉంది. నాట్యకారుడు ఆల్విన్ ఎయిలీ 1971లో ఒంటరి నర్తకి కోసం కూర్చిన ‘క్రై’ అనే నృత్యంలో ఒక భాగాన్ని ఈ పాట మీదే కట్టాడు. కూచిపూడి ఊరు మనకు ఎంతో దూరం కాదు కాబట్టి, అభినయానికి లొంగే పాట అంటే ఎలా ఉండాలో మనవాళ్లకు తెలుసు. క్షేత్రయ్య పదం నర్తకి చేతిలో రెండోసారి పుట్టినట్టే ఈ పాటా పుట్టింది.

మొదట్లో చెప్పిన ‘అప్ ఆన్ ది రూఫ్’ ఈ ఆల్బంలోదే. నగరం ఊపిరాడనివ్వనప్పుడు మేడ మీదికి వెళ్లిపోతానని చెప్పే పాట. విజయవాడ మే నెల తెలిసినవారికి దీన్ని వివరించాల్సిన పనిలేదు. గోడలు రాత్రి పదింటికి కూడా వేడి కక్కుతుంటే, నీళ్లు చల్లిన డాబా మీద చాప పరుచుకుని, దూరంగా ఇంద్రకీలాద్రి మీది దీపాలు చూస్తూ ఈ పాట వినండి. పాట ఆమెది కాకపోయినా, ఆ నెమ్మది మాత్రం పూర్తిగా ఆమెదే.

తర్వాతి కాలం గురించి క్లుప్తంగా. 24 ఏళ్లకే పాటల రంగం నుంచి తప్పుకుని, పెళ్లి చేసుకుని, 1976లో ‘స్మైల్’తో తిరిగొచ్చింది. తల్లి పోయిన మరుసటి ఏడాది అది. 1984లో ‘మదర్స్ స్పిరిచువల్’, 1993లో ‘వాక్ ది డాగ్ అండ్ లైట్ ది లైట్’, చనిపోయాక 2001లో ‘ఏంజెల్ ఇన్ ది డార్క్’ వచ్చాయి. ఇవి ప్రశాంతమైన ఆల్బంలు. తొలి ఐదింటిలోని మంట ఇక్కడ పొయ్యిలో నిప్పులా కుదురుకుంది. తల్లి అయినవారికి, తల్లిని పోగొట్టుకున్నవారికి ఇవి ముందే దగ్గరవుతాయేమో. నాకు మాత్రం అమ్మ పోయాకే ‘స్మైల్’ అర్థమైంది.

వినే పద్ధతి గురించి ఒక్క మాట. ‘ఈలై’కి, ‘మిరకిల్’కి ఏ స్పీకరైనా సరిపోతుంది. ఇంట్లో పని చేసుకుంటూ వినొచ్చు. ‘టెండబెర్రీ’కి అది కుదరదు. ఆ ఆల్బంలో గుసగుసకు, అరుపుకు మధ్య తేడా చాలా ఎక్కువ. ఏలూరు రోడ్డు రద్దీలో బస్సు కిటికీ పక్కన కూర్చుని వింటే గుసగుస వినబడదని శబ్దం పెంచుతారు, మరుక్షణం అరుపు చెవిలో పడుతుంది. రాత్రి, తలుపులు వేసుకుని, ఇయర్‌ఫోన్లతో వినండి. లేదా తెల్లవారుజామున ప్రకాశం బ్యారేజీ మీద వాహనాలు పలచగా ఉన్న వేళ. నది నిశ్శబ్దంగా ఉన్నప్పుడు ఆ నిశ్శబ్దం బాగా కలుస్తుంది.

కీబోర్డు ముందు కూర్చునేవారికి

ఇక మా పక్కింటి అమ్మాయి. తొమ్మిదో తరగతి. ఆమె చెవి కంటే వేళ్లు ముందు నడుస్తాయి, కాబట్టి ఆమెకు వినడమే కాదు, అలాగే వాయించి చూడటానికీ వీలుండాలి. ఇలాంటివారికి ‘స్ప్రెడ్ యువర్ వింగ్స్ అండ్ ఫ్లై’ అనే ప్రత్యక్ష కచేరీ ఆల్బం ఇవ్వండి. 1971 మే 30న న్యూయార్క్‌లోని ఫిల్‌మోర్ ఈస్ట్ అనే కచేరీశాలలో పాడింది, 2004లో విడుదలైంది. పియానో, గొంతు, అంతే. ఏ వేలు ఎక్కడ పడిందో వినిపిస్తుంది.

ఆ కచేరీకి నాలుగేళ్ల ముందు, 1967లో మాంటెరీ పాప్ ఉత్సవంలో పాడినప్పుడు జనం తనను ఎగతాళి చేశారనుకుని లారా కుమిలిపోయింది. ఆ గాయం చాలా ఏళ్లు మోసింది. ఆ రోజు చిత్రీకరించిన ఫిల్మును తర్వాత వింటే అలాంటి ఎగతాళి ఏమీ వినిపించలేదు. వేదిక మీద ఉన్న మనిషికి చీకట్లోంచి వచ్చే చప్పుడు ఎలాగైనా వినిపించవచ్చు. ఫిల్‌మోర్ కచేరీలో చప్పట్లు మోగిన ప్రతిసారీ నాకు ఆ పాత సంగతే గుర్తుకొచ్చి, ఆమె కోసం సంతోషపడతాను.

ఆకాశవాణి 1940లో హార్మోనియంను తన స్టూడియోల నుంచి వెలివేసింది. గమకం పలకదు, మెట్టుకు మెట్టుకు మధ్య స్వరం లేదు అని. పియానోకూ అదే లోటు ఉంది. లారా ఆ లోటును దాటడానికి ఎంచుకున్న దారి కార్డులది, అంటే ఒకేసారి నొక్కే స్వరాల కూడికలది. ఈ అమ్మాయికి నేను చూపించింది ఇది. తెల్ల మెట్ల మీద ‘సి’ అనే స్వరాన్ని షడ్జం అనుకోండి. ఎడమచేత్తో పంచమం నొక్కి ఉంచండి. కుడిచేత్తో శుద్ధ మధ్యమం, చతుశ్రుతి ధైవతం, పై షడ్జం మూడూ కలిపి నొక్కండి. కింద నేల ఒకటి, పైన ఆకాశం ఇంకొకటి అన్నట్టు ధ్వని తేలుతూ ఉంటుంది. మామూలు పాటలో దీని తర్వాత వెంటనే షడ్జం, గాంధారం, పంచమం కలిసిన కార్డ్‌కు దిగి ఇల్లు చేరతారు. లారా చాలా చోట్ల ఇల్లు చేరదు. అక్కడే నిలబడి, గొంతుతో ఇంకో వాక్యం మొదలుపెడుతుంది. పద్యం చివర రాగం తీసేటప్పుడు నటుడు షడ్జానికి రాబోయి రాకుండా వేలాడదీస్తాడే, ఆ పనే ఇది, రెండు చేతులతో.

ఆ అమ్మాయి వారం రోజులు అదొక్కటే వాయించింది. వాళ్లమ్మ విసుక్కుంది కూడా, పాఠం ఎప్పుడు వాయిస్తావని. నిన్న సాయంత్రం గోడ అవతలి నుంచి మళ్లీ ఆ పంచమం, దాని మీద ఆ మూడు స్వరాలు వినిపించాయి. ఇప్పుడు దిగుతుంది, ఇప్పుడు దిగుతుంది అని కూర వేయిస్తూ ఎదురుచూశాను. దిగలేదు. కాసేపటికి కీబోర్డు ఆపేసిన చప్పుడు, మెట్ల మీద పరుగెత్తిన అడుగుల చప్పుడు వినిపించాయి.